పాత 8 ఎంఎం సినిమా రీళ్లు ఉన్నోళ్లు ఒకసారి చదవండి – నల్లగొండల స్కానింగ్, నా అనుభవం

మా పెద్దనాయిన నాగార్జునసాగర్ ప్రాజెక్టుల ఓవర్సీర్‌గ చేసిండు, హిల్ కాలనీల క్వార్టర్ ఉండె. ఆయనకు సినిమా తీసుడంటే పానం. క్వార్జ్ అని రష్యా కెమెరా ఒకటి, జెనిట్ కెమెరాలు చేసిన క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీదే, చాబీ తిప్పితే నడిచేది, ఆబిడ్స్‌ల సెకండ్ హ్యాండ్‌ల కొన్నడట. జీతంల ఎంతో కొంత ఆ ఫిల్ములకే పోయేదని పెద్దమ్మ ఇప్పటికీ అంటది. మొన్న ఉగాది ముందు మిర్యాలగూడ పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే కెమెరా అయితే దొరకలేదు గని, సందుగ అడుగున పట్టుచీరల కింద బట్టల మూట కట్టి 11 రీళ్లు దొరికినయ్, వాటితోని నల్లటి ప్లాస్టిక్ కార్ట్‌రిడ్జ్ ఒకటి. డబ్బల మీద పెన్సిల్‌తోని "67 ఆగస్టు – కాల్వ", "చెర్వుగట్టు", "పెండ్లి – తమ్ముడు" ఇట్ల రాసి ఉన్నయ్. ఆ తమ్ముడు మా నాయిన. అంటే మా అమ్మనాయినల పెండ్లి సినిమా ఉందని నాకు 41 ఏండ్లకు తెలిసింది.

ముందు చేసిన తప్పు చెప్తా, మీరు చేయొద్దని. ఆగలేక హైదరాబాద్‌ల ఒక షాపుకు 3 రీళ్లు ఇచ్చిన. పేరు రాయను. వాళ్లు చేసిందేందంటే పాత ప్రొజెక్టర్ల రీలు ఎక్కిచ్చి, గోడ మీద బొమ్మ వేసి, ఎదురుంగ వీడియో కెమెరా పెట్టి రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌ల ఇచ్చిండ్రు. ఇంటికొచ్చి చూస్తే బొమ్మ దడదడ వెలుగుతది ఆరుతది, నాలుగు మూలలు చీకటి, మనుషులు బొమ్మలకు చాబీ ఇచ్చినట్టు ఉరుకుతున్నరు. అది కూడా పర్వాలేదనుకోవచ్చు గని రీలు వాపస్ తీసుకుని చూస్తే ఒక దాంట్ల మూడు నాలుగు అడుగుల పొడుగున బెజ్జాలు చినిగి ఉన్నయ్, ఒక దగ్గర ప్రొజెక్టర్ ఆగిపోయి బల్బు వేడికి ఒక బొమ్మ నడిమిట్ల కాలి బుడగ లేసి ఉంది. 50 ఏండ్లు పట్టుచీరల కింద భద్రంగ ఉన్నది నా చేతుల మీదుగ ఖరాబయ్యింది. రెండు దినాలు నాకు అన్నం సహించలేదు, నిజం చెప్తున్న.

ఆ తర్వాత మా ఆఫీసుల ఒకాయన చెప్తే నల్లగొండల ఈ సార్ దగ్గరికి పోయిన. క్లాక్ టవర్ నుంచి నడిచిపోయేంత దూరమే, బోర్డు గట్ల ఏం లేదు, ఇంటి ముందర రూమే షాపు. తన పేరు, నంబరు రాయొద్దని గట్టిగ చెప్పిండు, ఒక్కడే చేసుకుంటడు, అందరు ఒకేసారి వస్తే చేయలేడు, అందుకని నేను కూడా రాస్తలేను. మెయిన్ రోడ్డు మీద పాత ఫోటో స్టూడియో వాళ్లను అడిగితే తోవ చూపిస్తరు. ఆయన వెనకట సినిమా టాకీసుల ఆపరేటర్. 35 ఎంఎం రీళ్లు మోసి, అతుకులేసి, ప్రొజెక్టర్ దీపానికి కార్బన్ కడ్డీలు మార్చిన చేతులు. మెషిన్ మాత్రం ఆయన కొడుకు ఇంజినీరింగ్ చదివేటప్పుడు తయారుచేసిండట, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కు పెట్టే కెమెరా, ఒక ఎల్ఈడీ లైటు, 3డీ ప్రింటర్ల తీసిన చక్రాలు.

నేను సంచి బల్ల మీద పెట్టంగనే ఆయన చేసిన మొదటి పని ఒక్కొక్క డబ్బ మూత తీసి వాసన చూసుడు. ఎందుకు సార్ అంటే "సిర్కా వాసన వస్తే ముందు దాని పని చూడాలె తమ్మీ" అన్నడు. ఈ ఫిల్ములు అసిటేట్ అనే ప్లాస్టిక్‌వి, వేడికి తేమకు అది విరిగి అసిటిక్ యాసిడ్ వస్తది, అంటే సిర్కా (వెనిగర్) వాసనే. ఒకసారి మొదలైతే ఆ యాసిడే మల్ల ఇంకింత విరగ్గొడతది, పక్క రీలుకు కూడా అంటుకుంటది. ఫిల్ము ముడుచుకపోతది, వంకర తిరుగుతది, ఆఖరికి పెళుసైతది. మన దగ్గర ఎండాకాలం 44, 45 డిగ్రీలు కొడుతుంటే రేకుల ఇండ్లల్ల, స్లాబు కింద అటకల మీద ఉన్న రీళ్ల గతి ఏంటో ఆలోచించండి. నా 11 రీళ్లల్ల రెండింటికి వాసన ఉంది. వాటిని వేరే సంచిల పెట్టి, యాసిడ్‌కు రంగు మారే నీలంరంగు కాగితం ముక్కలు డబ్బలల్ల వేసి మూత పెట్టిండు. మర్నాటికి ఒకటి ఆకుపచ్చకు తిరిగింది, ఒకటి దాదాపు పసుపుపచ్చ. పసుపు అంటే బాగ ముదిరినట్టు. అదే "పెండ్లి – తమ్ముడు" రీలు.

రెండో పని, ఏ రకం ఫిల్మో చూసుడు. ఇది మీరు ఇంట్లనే చూసుకోవచ్చు. 8 ఎంఎం అంటే చాలామంది హ్యాండీక్యామ్ క్యాసెట్లు పట్టుకొస్తరట, వీడియో 8, హై 8 అని ఉంటయి కదా అవి. అది మ్యాగ్నెటిక్ టేపు, దానికీ దీనికీ సంబంధం లేదు. ఫిల్ము అయితే వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే బొమ్మలు కండ్లకు కనపడాలె. బెజ్జాలు పెద్దగ ఉండి రెండు బొమ్మల నడిమిట్ల ఉంటే అది పాత రెగ్యులర్ 8. బెజ్జాలు సన్నగ ఉండి బొమ్మకు సరిగ్గ పక్కన ఉంటే సూపర్ 8. రీలు నడిమి రంధ్రం కూడా సూపర్ 8కు పెద్దగ ఉంటది. తెలియక ఒకదాని ప్రొజెక్టర్ల ఇంకోటి ఎక్కిస్తే చినుగుడే.

మా పెద్దనాయినవి అన్నీ రెగ్యులర్ 8. కొడాక్ వాళ్లు 1932ల తెచ్చిండ్రు, ఖర్చు తగ్గాలని భలే ఉపాయం చేసిండ్రు దాంట్ల. 16 ఎంఎం వెడల్పు ఫిల్మే, 25 అడుగులు, కెమెరా సగం వెడల్పుల బొమ్మలు తీసుకుంట పోతది, అయిపోయినంక రీలు తిరగేసి ఎక్కిస్తే మిగిలిన సగంల తీస్తది, కడిగినంక ల్యాబోళ్లు నిలువుగ మధ్యకు కోసి రెండు ముక్కలు అతికి 50 అడుగులు చేసి ఇస్తరు. ఫిల్ము కడగడానికి పెద్దనాయిన బొంబాయికి పోస్టుల పంపి నెలలు ఎదురుచూసేటోడని పెద్దమ్మ చెప్పింది. ప్రతి రీలుల సరిగ్గ సగం కాడ బొమ్మ ఎర్రగ, తెల్లగ మండినట్టు వస్తది, నేను ఖరాబయ్యిందనుకున్న. సార్ నవ్వి "అది మీ పెద్దనాయిన రీలు తిరగేసిన జాగ, చేతుల ఎండ తగిలింది" అన్నడు. ఎండల నిలబడి, తొందరతొందరగ మూత తీసి రీలు మారుస్తున్న ఆయన చేతులు నాకు కనపడ్డట్టే అనిపించింది.

ఇప్పుడు స్కానింగ్ సంగతి. ఈయన మెషిన్ల బెజ్జాలకు పండ్ల చక్రం తగలదు. ఫిల్ము మెత్తటి రోలర్ల మీద జారుకుంట పోతది, బెజ్జం ఎక్కడుందో కెమెరానే చూసుకుని బొమ్మను సరిగ్గ కూర్చోబెడతది. అందుకే ముడుచుకపోయిన ఫిల్ము కూడా చినగదు. ఒక్కొక్క బొమ్మను ఆపి ఫోటో తీస్తది. 8 ఎంఎంల అడుగుకు 80 బొమ్మలు, 50 అడుగులకు 4000. సెకనుకు రెండు లెక్కన ఒక రీలుకు అర్ధగంట దాటుతది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని మొదటి రీలు మొత్తం చూసిన, టక్... టక్... అనుకుంట ఒక్కొక్క బొమ్మ స్క్రీను మీద పడుతుంటే లేవబుద్ధి కాలేదు. స్కాన్ చేసే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ల తడిపిన నూగు రాలని గుడ్డతోని ఫిల్ము అంతా తుడిచిండు, గుడ్డ నల్లగ అయ్యింది. పాత అతుకులు ఊడిపోయిన కాడ మల్ల అతికిండు, ముందు వెనక బొమ్మలు లేని తెల్ల ఫిల్ము ముక్క (లీడర్) కట్టిండు. హైదరాబాద్‌ల చినిగిన జాగల పారదర్శక టేపుతోని బెజ్జం బెజ్జం సరిచేసిండు, ఆ మూడు అడుగులకే ఒక సాయంత్రం పట్టింది. దానికి వేరే పైసలు తీసుకోలే.

వేగం కూడా సరిగ్గ పెట్టిండు. రెగ్యులర్ 8 సెకనుకు 16 బొమ్మలు, సూపర్ 8 అయితే 18. దాన్ని 25 మీద నడిపితేనే మనుషులు ఉరికినట్టు అయితది. మీరు ఎవరికి ఇచ్చినా ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి, ఎంత స్పీడు మీద ఇస్తరు అని. జవాబు తెలియకపోతే రీలు వాపస్ తీసుకుని వచ్చేయండి. 4కే కావాలని నేను అడిగిన గని వద్దన్నడు. బొమ్మ వెడల్పు అయిదు మిల్లీమీటర్లు కూడా లేదు, 2కేకు మించి అందుల సమాచారం లేదు, ఫైలు మాత్రం బరువైతది అని రెండూ తీసి పక్కపక్కన చూపెట్టిండు. నాకు తేడా కనపడలే.

ఇగ రీళ్లల్ల ఏముందంటే... సాగర్ డ్యామ్ రాళ్లతోని కట్టిన డ్యామ్ అని చిన్నప్పటి నుంచి వింటనే ఉన్నం, 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిండని బడిల చదివినం. చదువుడు వేరు, ఇది చూసుడు వేరు. కర్రల మంచెల మీద మెట్లు మెట్లుగ మనుషులు, తలమీద తట్టలతోని ఆడోళ్లు వరుసగ ఎక్కుతున్నరు, ఒకామె నడుముకు చీర గట్టిగ బిగించి నడిమిట్ల ఆగి కెమెరా దిక్కు చూసి మల్ల ఎక్కింది. ఆమె నుదుటి మీద చెమటకు సున్నం దుమ్ము అంటుకుని ఉన్నది కూడా కనపడుతది. పాలమూరు నుంచి వచ్చిన లేబర్ ఎంతమంది ఉండేనో పెద్దనాయిన ఎప్పుడూ చెప్పెటోడు. వాళ్లల్ల ఎవరి మనుమలన్న ఈ ముచ్చట చదివితే నన్ను అడగండి, ఆ రీలు ఫైలు ఉట్టిగనే పంపుతా.

"67 ఆగస్టు" రీలు కాల్వలకు నీళ్లు వదిలినప్పటిది, ఆగస్టు 4న ఇందిరాగాంధీ వచ్చి వదిలింది. ఆమె అయితే కనపడదు, అంత దగ్గరికి ఓవర్సీర్‌ను ఎవరు పోనిస్తరు. గట్టు పొడుగున జనం, ఎడ్లబండ్లు, గొడుగులు, ఆఖరున ఎండిన కాల్వ అడుగున ముందు తడి మరక లెక్క వచ్చి, ఎనక నురుగు కొట్టుకుంట నీళ్లు. ఒక ముసలాయన ధోతి పైకి ఎగజెక్కి కాల్వలకు దిగి రెండు చేతులతోని నీళ్లు తల మీద పోసుకున్నడు. 16 సెకండ్లు ఉంటది ఆ ముక్క.

ఒక రీలుల చిత్రమైంది. ఒకసారి రెండు దిక్కులా వాడేసిన రీలును మర్చిపోయి మల్ల ఎక్కిచ్చినట్టుంది, మొదటి సగమంతా ఒకదాని మీద ఒకటి పడ్డది. డ్యామ్ గోడ మీద చెర్వుగట్టు జాతర నడుస్తది, రాళ్ల నడిమిట్లకెళ్లి కొబ్బరికాయలు పట్టుకుని జనం మెట్లెక్కుతున్నరు. రెండో సగం మామూలుగనే ఉంది. సార్ దాన్ని వేరు చేయలేమన్నడు, నేను కూడా వేరు చేయాలని అడగలే.

రంగుల గురించి ఒక మాట. నాలుగు రీళ్లు కొడాక్రోమ్, అంటే కొడాక్ వాళ్ల కలర్ ఫిల్ము. వాటిల ఎరుపు ఎర్రగనే ఉంది, మా మేనత్త పెండ్లినాటి చిలకపచ్చ చీర నిన్న కట్టినట్టు ఉంది. కొడాక్రోమ్‌ను 1935ల మ్యాన్నెస్, గొడౌస్కీ అని ఇద్దరు సంగీతం వాయించేటోళ్లు కనిపెట్టిండ్రు, చీకట్ల దాచిపెడితే దాని రంగులు దిగవు. మిగతా కంపెనీల కలర్ రీళ్లు రెండు మొత్తం గులాబి రంగు తిరిగినయ్, నీలం, ఆకుపచ్చ దిగిపోయినయ్. కంప్యూటర్ల కొంత సరిచేసి ఇచ్చిండు గని ముఖాలు ఇంకా ఎర్రగనే ఉన్నయ్. తను సరిచేయని ఫైలు కూడా వేరేగ ఇచ్చిండు, రేపు ఎవరన్న ఇంతకంటే బాగ చేయొచ్చు అని. ఇది నాకు బాగ నచ్చింది.

ఇగ ఆ నల్ల కార్ట్‌రిడ్జ్. అది సూపర్ 8, 1965ల వచ్చిన రకం, ఇందుల చేతితోని ఫిల్ము ఎక్కించే పనే లేదు, కార్ట్‌రిడ్జ్ కెమెరాల తోస్తే అయిపాయె. 1979ల అమెరికా నుంచి మా మేనమామ వచ్చినప్పుడు తీసి ఇక్కడనే మర్చిపోయిండట. కిటికీ లెక్క ఉన్న జాగల ఫిల్ము మీద ఎక్స్‌పోజ్డ్ అని అక్షరాలు కనపడుతున్నయ్, అంటే మొత్తం తీసేసిండ్రు, కడగలే. కొడాక్రోమ్ 40. దీన్ని కడిగే పద్ధతి మామూలు కలర్ ఫిల్ము లెక్క కాదు, రంగులు ఫిల్ముల ఉండవు, కడిగేటప్పుడు మందుల నుంచి వచ్చి చేరుతయి. ఆ మందులు, ఆ మెషిన్లు ఇప్పుడు ఎక్కడా లేవు. ఆఖరి ల్యాబు అమెరికాల కాన్సస్ రాష్ట్రం, పార్సన్స్ అనే ఊర్ల డ్వేన్స్ ఫోటో, వాళ్లు కూడా 2010 డిసెంబర్ 30 దాకానే ఫిల్ము తీసుకున్నరు. ఇగ రంగులల్ల రాదు. బ్లాక్ అండ్ వైట్ నెగటివ్ లెక్క కడిగితే ఏమన్న రావచ్చు, రాకపోవచ్చు అని సార్ ముందే చెప్పిండు, ఎక్కువ ఆశ పెట్టుకోకు తమ్మీ అని. ముందు కొస నుంచి రెండు అడుగులు కోసి కడిగి చూసిండు, నల్లటి మసకల ఏదో కదిలినట్టు ఉంది. అప్పుడు నన్ను అడిగి మిగతాది కడిగిండు. చీకట్ల ఫిల్మును, ఫిల్ము కడిగే రష్యా ట్యాంకుల చుట్టలకు ఎక్కిచ్చుడు, వెనక ఉన్న నల్లటి మసి పొరను సోడా కలిపిన నీళ్లల్ల నానబెట్టి తుడుచుడు, ఆ పొర చేతులకు కాటుక లెక్క అంటుకుంది. 50 అడుగుల తడి ఫిల్మును ఎక్కడ ఆరేస్తడో అనుకున్న. పాత నవారు మంచం పట్టెలు నిలబెట్టి, నవారు చుట్టినట్టే ఫిల్ము చుట్టి, తలుపులు మూసి ఫ్యాను లేకుండ ఆరబెట్టిండు, దుమ్ము పడొద్దని.

ఫిల్ము లోపల పసుపు పొర ఒకటి ఉంటది, ఇట్ల కడిగితే అది పోదు, అందుకే నెగటివ్ బాగ మసక. మూడు నిమిషాల 20 సెకండ్లల్ల మొత్తం కలిపి 40 సెకండ్లే మనకు అర్థమయ్యేటట్టు వచ్చింది. ఇసుకతుఫాను నడిమిట్ల చూసినట్టు ఉంటది. ఆ 40 సెకండ్లల్ల మా ఊరి చావడి ముందు బతుకమ్మ ఆడుతున్నరు. చప్పట్లు కొట్టుకుంట వంగుకుంట తిరుగుతున్నరు, ఎవరెవరో తెలుస్తలేదు, ఒకామె మాత్రం తిరుక్కుంట కెమెరా ముందరికొచ్చి, చూసి, సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా నాయనమ్మ. ఆమెది మా ఇంట్ల ఉన్న ఫోటో ఒక్కటే, పింఛను కాగితం మీద అంటించింది, దాంట్ల నవ్వులేదు. ఆ ఫైలు మా నాయినకు చూపెట్టిన. నాలుగుసార్లు వేయమన్నడు, ఐదోసారి నేనే లేచి బయటకొచ్చిన, ఆయన ఒక్కడే చూసుకోని అని.

బాగలేనియి కూడా చెప్తా. చాన ఆలస్యం. రెండు వారాలన్నడు, ఆరు వారాలైంది. ఫోన్ ఎత్తడు, మెషిన్ నడుస్తుంటే అసలే ఎత్తడు, పోయి నిలబడాలె. కరెంటు పోతే రీలు నడిమిట్ల ఆగుతది, ఇన్వర్టర్ ఉన్నా మెషిన్‌కు పెట్టుకోలే, అది పెట్టుకుంటే మంచిది, ఒక రీలుల రెండు చోట్ల బొమ్మ చిన్నగ ఎగిరింది ఆ కారణంగనే. ఫైళ్లకు పేర్లు ఉండవు, 1, 2, 3 అని ఇస్తడు, ఏది ఏదో మనమే డబ్బలు చూసి కలుపుకోవాలె. రసీదు ఇయ్యడు, నేనే నోటుబుక్కుల రాసి సంతకం తీసుకున్న. రీలుకు 450 తీసుకున్నడు, కార్ట్‌రిడ్జ్ కడిగి స్కాన్ చేసినందుకు 1800. హైదరాబాద్‌ల నేను రీలుకు 900 ఇచ్చి ఖరాబు చేయిచ్చుకున్న.

పెండ్లి రీలు మాత్రం పూర్తిగ రాలే. పెళుసుబారి చుట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయినయ్, బలవంతం చేస్తే ఇరిగిపోతదని ఆయన ఆగిపోయిండు. పైన విడిన 15 అడుగులు స్కాన్ చేసిండు, దాంట్ల పందిరి, బాజాలోళ్లు, మా అమ్మ తల వంచుకుని ఉన్నది వచ్చింది. ఈ రీలు నేను ఆర్నెల్లు ముందు తీసుకపోయి ఉంటే ఎంత వచ్చేదో. మీ ఇండ్లల్ల ఉంటే ఈ వారమే మూతలు తీసి వాసన చూడండి. గాలాడే డబ్బల, చల్లటి జాగల పెట్టండి, వాసన వచ్చేటియి వేరే పెట్టండి, ప్రొజెక్టర్ దొరికిందని సంబరానికి ఎక్కియ్యకండి.

నా రేటింగ్ ఐదుకు నాలుగున్నర. ఆ అర కోసింది ఆలస్యానికి, ఫోనుకు.

ఒక సాయం కావాలె. మా మేనమామ కొడుకు ఇంకో డబ్బ పంపుతున్నడు, సూపర్ 8 రీళ్లే గని అంచున గోధుమరంగు గీత ఉందంటున్నడు, అంటే 1973 తర్వాత వచ్చిన సౌండ్ ఫిల్ము. బొమ్మ సార్ తీస్తడు, ఆ గీత మీది మాటలు ఎత్తే తలకాయ ఆయన మెషిన్‌కు లేదు. మన తెలంగాణల ఎవరన్న ఆ సౌండ్ తీసేటోళ్లు తెలిస్తే కింద చెప్పండి, వాటిల మా అమ్మమ్మ పాడిన పాటలు ఉన్నయంటున్నరు.